జీవకణము - వేరుసెనగ తెగులు - శాస్త్రపరిశోధన

మఱ్ఱిచెట్టునకును మిడుతకును, గడ్డిపరకకును మనుష్యునకును గల సామ్యమేమి? పైకి చూచినచో ఏమియు లేదనియే తోచును. కాని జీవశాస్త్రము నేర్చుకొనబోవు విద్యార్థికి మొట్టమొదట చెప్పబడు సత్యము, ఇవి యన్నియు జీవకణములతో నిర్మింపబడినవి యనునదియే. ఈ వాక్యము ప్రతి పాఠ్యపుస్తకమునందును గలదు. విద్యార్థులు దానిని కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, పిమ్మట మరచుచున్నారు. జీవకణమును గూర్చి తెలిసికొనుటవలన మాకేమి ప్రయోజనమని వారడిగినచో ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకు మేము దూరదేశముల దృష్టాంతములను వెదకనక్కరలేదు. అనంతపురము మెట్టచేలలో 2000 సంవత్సరమున సంభవించిన విపత్తును, దాని కారణమును శాస్త్రజ్ఞులు కనుగొనిన విధమును వివరించినచో చాలును. జీవకణమన నేమియో, శాస్త్రపరిశోధన యన నేమియో ఆ కథలోనే యున్నవి.

అనంతపురము పీఠభూమికి వర్షము పొదుపుగా వచ్చును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటివచ్చునప్పటికి తన మేఘసంపదను చాలవరకు కోల్పోవును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమునందు కురిసి, ఇంత లోపలికి వచ్చుసరికి క్షీణించును. సాలీనా సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎఱ్ఱనేలలు పలుచనివి, నీటిని చాలకాలము పట్టి యుంచలేవు. ఇట్టి నేలలో ఒకటి రెండు మంచి వానలతోనే తల యెత్తి, నడుమ నెండ కాచినను ఓర్చుకొని, నాలుగు కాయలనిచ్చు పంట కావలెను. అందువలననే వేరుసెనగ ఇచ్చటి రైతునకు ప్రాణాధారమైనది. 2000 ప్రాంతమున జిల్లాలో ఏడు లక్షల హెక్టారులకు పైబడి ఈ పంట యుండెడిది. నాటి అనంతపురము జిల్లా యనగా 2022 లో వేరుపడిన శ్రీ సత్యసాయి జిల్లాతో గూడిన ప్రదేశమని శ్రోతలు గ్రహింతురు గాక.

ఆ 2000 సంవత్సరపు వానకాలపు పంటలో లేతమొక్కలు చచ్చుట మొదలయ్యెను. చిగురుటాకులమీద గోధుమరంగు మచ్చలు పుట్టి, ఈనెలు నల్లబడి, ఆ నలుపు తొడిమలలోనికి, అచ్చటనుండి కాండములోనికి దిగెను. కొనమొగ్గ మాడెను. మొక్క యంతయు ఎండిపోయెను. పెద్దమొక్కలు కొన్ని బ్రతికినను వాని కాయలమీద నల్లని మచ్చలు పడి గింజ ముడుచుకొనెను. ఒక చేనిలో కాదు, ఒక గ్రామములో కాదు. సుమారు 2,25,000 హెక్టారులలో పంట దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించియుండునని అంచనా వేయబడెను. వాన రాక పంట పోవుట అనంతపురము రైతునకు తెలిసిన కష్టము. పదును దొరికి, మొలక బాగుగా వచ్చి, కన్నులయెదుటనే నల్లబడి చచ్చుట తెలియని కష్టము. ఇది యేమి? ఎచ్చటనుండి వచ్చినది? మరుసటి యేడు మరల వచ్చునా? ఇవియే ఆనాటి ప్రశ్నలు.

మొక్క చచ్చినది అని మనము చెప్పుదుము. జీవశాస్త్రజ్ఞుడు ఆ మాటతో తృప్తిపడడు. మొక్కలో చచ్చినది యేది యని యడుగును. ఆకుమీది నల్లని చార యనగా వేలకొలది జీవకణములు చచ్చి ఒకచో చేరిన గుంపు. కావున వ్యాధిని తెలియవలెనన్నచో ముందుగా జీవకణమును తెలియవలెను.

జీవకణమన నేమి?

1665 లో ఇంగ్లండు దేశీయుడగు రాబర్టు హుక్ బెండుచెక్కను పలుచగా కోసి, తన సూక్ష్మదర్శినితో చూచెను. అందు తేనెపట్టు గదులవలె చిన్నచిన్న అరలు కనబడెను. వానికి ఆయన చిన్నగదులు అను అర్థమిచ్చు పేరు పెట్టెను. నిజమునకు హుక్ చూచినవి చచ్చిన కణముల గోడలు మాత్రమే. లోపల నివసించిన ప్రాణపదార్థము ఎన్నడో పోయినది. కొలది సంవత్సరములలో హాలెండు దేశమున లీవెన్‌హుక్ అను బట్టల వ్యాపారి తానే సానపట్టిన కటకములతో నీటిబొట్టునందు కదలాడు ఏకకణజీవులను చూచెను. అటుపిమ్మట నూటయేబదియేండ్లకుపైగా గడచినవి. 1838 లో ష్లైడెన్ వృక్షములన్నియు కణనిర్మితములనియు, 1839 లో ష్వాన్ జంతువులును అట్టివేయనియు ప్రతిపాదించిరి. కణము కణమునుండియే పుట్టునుగాని శూన్యమునుండి పుట్టదను సూత్రమును 1855 లో విర్హౌ ప్రచారమునకు తెచ్చెను. ప్రాణులన్నియు కణములతో నిర్మితములు. జీవవ్యాపారములకు కణమే మూలము. ప్రతి కణమును పూర్వకణమునుండి జనించినదే. కణసిద్ధాంతమని చెప్పబడునది ఈ మూడు మాటలే.

విద్యార్థులు దీనిని విని నమ్మనక్కరలేదు; చూచి నమ్మవచ్చును. ఉల్లిగడ్డను, మన సీమవారి మాటలో ఎఱ్ఱగడ్డను, కోసి లోపలి రేకునుండి పలుచని పొరను ఒలువవలెను. గాజుపలకమీద నీటిబొట్టునందు దానిని పరచి, ఒక చుక్క అయోడిను ద్రావణమును వేసి, పై గాజురేకును మూసి, పాఠశాలలోని సూక్ష్మదర్శినితో చూడవలెను. ఇటుకలు పేర్చినట్లు పొడవైన అరలు వరుసగా కనబడును. ఒక్కొక్క అరయు ఒక్కొక్క జీవకణము. దాని చుట్టును గట్టిగోడ. లోపల ఒక ప్రక్కగా గుండ్రని చుక్కవంటిది కేంద్రకము. ఆ గోడకు లోపల అతి పలుచని పొర మరియొకటి కలదు. ఏ వస్తువు లోపలికి రావలెనో, ఏది బయటికి పోవలెనో నియమించునది ఆ పొరయే. కేంద్రకమునందు ఆ ప్రాణియొక్క వంశలక్షణములు దాదాపు అన్నియు వ్రాయబడియున్నవి. వేరుసెనగ మొక్కయొక్క ఒక్కొక్క శరీరకణమునందు 40 క్రోమోసోములు గలవు. ఆకు పచ్చగా నుండవలెనా, కాయ నేలలో ఊరవలెనా అను ఆజ్ఞలలో చాలభాగము ఆ నలుబదింటియందే యిమిడియున్నవి.

కరవు మొక్కకు చేయు పనిని కూడ ఈ ఉల్లిపొరయందే చూడవచ్చును. ఈసారి అయోడిను వేయక, ఎఱ్ఱని ఉల్లిరేకు వెలుపలి రంగుపొరను తీసికొని, దానిపై చిక్కని ఉప్పునీరు చుక్క వేయవలెను. కొలది నిమిషములలో రంగునీటితో నిండియున్న కణము లోపలిభాగము ముడుచుకొని గోడను విడిచి నడుమకు చేరును. కణములోని నీరు బయటికి పోయినది. మంచినీరు పోసినచో తిరిగి నిండును. వాడిన మొక్క ఒక వానకు లేచి నిలబడుటలోని రహస్యము ఇదియే. అయితే ముడుచుకొనిన కణము మితిమీరి యుండినచో మరల తేరుకొనదు. చేనికి ఆలస్యముగా వచ్చిన వాన కొన్ని సమయములందు ఏల నిరర్థకమగునో దీనివలన తెలియుచున్నది.

వేరుసెనగలో కణముల పని

ఒకే మొక్కలో కణములన్నియు ఒకే పని చేయవు. ఊరిలో కుమ్మరి, కమ్మరి, సాలె, వడ్రంగి వేరువేరు పనులు చేసినను ఊరు ఒక్కటియే యైనట్లు, కణములు పనులు పంచుకొని మొక్క యగుచున్నవి. వేరులోని కణములు మట్టిరేణువుల నడుమనున్న నీటిని పీల్చును. వేరుపైనున్న బుడిపెలలో ఒకజాతి బాక్టీరియములు నివసించి గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపమునకు మార్చును. మొక్క వానికి ప్రతిగా చక్కెర నిచ్చును. వేరుసెనగ వేసిన నేల కొంత సత్తువ పొందుటకు ఇదియే కారణము.

ఆకుమీద పత్రరంధ్రములు గలవు. ఒక్కొక్క రంధ్రమునకు రెండు కావలికణములు తలుపురెక్కలవలె అమరియుండును. అవి నీటితో ఉబ్బినపుడు రంధ్రము తెరచుకొనును. గాలి లోపలికి పోవును, నీటియావిరి బయటికి పోవును. నేలలో తేమ తగ్గినపుడు వేరులయందును ఆకులయందును ఒక రసాయనిక పదార్థము పుట్టి కావలికణములకు వార్త తెలుపును. అవి నీరు కోల్పోయి సడలి రంధ్రమును మూసివేయును. అప్పుడు నీరు దక్కును గాని గాలి లోపలికి రాదు. ఆహారము తయారగుట ఆగును. కరవునందు బ్రతికిన చేను ఏల తక్కువ పండునో ఈ చిన్న తలుపులు చెప్పుచున్నవి. మిట్టమధ్యాహ్నమున వేరుసెనగ ఆకులు ముడిచి నిలువుగా నిలుచుట మన పిల్లలు నిత్యము చూచుచునే యున్నారు. ఎండ తక్కువగా తాకునట్లు ఆకును త్రిప్పునది ఆకుతొడిమ మొదటనున్న కణములలోని నీటి హెచ్చుతగ్గులే.

పూవు రాలిన పిమ్మట ఊడ దిగి నేలలోనికి పోవుటయు, గింజలోని కణములు నూనెబిందువులతో నిండుటయు కణముల పనులే. గింజ బరువులో దాదాపు సగము నూనె. అది మనకొరకు దాచబడినది కాదు. మొలక తన తొలిరోజులలో ఖర్చుపెట్టుకొనుటకు తల్లిమొక్క ఇచ్చిన మూట.

ఈ పనులన్నిటికి శక్తి కావలెను. కణములో శక్తిని చేతిమార్పు నాణెమువలె అందించు పదార్థము ఏ.టి.పి. యనునది. దానిని 1929 లో అమెరికాయందు ఫిస్క్ అను ఆచార్యునితో కూడి కనుగొనినవాడు భీమవరమున 1895 లో జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు స్వతంత్రముగా దానిని కనుగొనెను. సుబ్బారావు పరిశోధించినది కండరములను. అయినను ఆ పదార్థమే ఎద్దుమెడలోను, సేద్యగాని చేతిలోను, వేరుసెనగవేరులోను పనిచేయుచున్నది. కణముల ఏకత్వమునకు ఇంతకంటె తార్కాణమేమి కావలెను?

కణము కానిది, కణమును చెరచునది

ఇప్పుడు చచ్చిన వేరుసెనగమొక్కయొద్దకు తిరిగి వత్తము. తెగుళ్లకు పలు కారణములుండును. బూజుజాతులు, బాక్టీరియములు, పురుగులు, పోషకపదార్థముల లోపము, ఇవి కొన్ని. వైరసు మరియొకటి. వైరసు జీవకణము కాదు. దానికి గోడ లేదు, కేంద్రకము లేదు, శక్తిని తయారుచేసికొను శక్తి లేదు. వంశలక్షణములను తెల్పు కొలది పదార్థమును, దానిపై మాంసకృత్తులతో చేసిన తొడుగును మాత్రమే అందుండును. కణము వెలుపల అది జడపదార్థమువలె పడియుండును. కణములోనికి ప్రవేశించెనా, ఆ కణముయొక్క పనిముట్లతోనే తనవంటివానిని వేలకొలది చేయించుకొనును. మొక్కల కణములకు నడుమ గోడలలో సన్నని మార్గములు గలవు. వానిగుండ పొరుగుకణములోనికి వ్యాపించును.

దీని పరిమాణమును ఊహించుట కష్టము. మనము చెప్పబోవు వైరసు సుమారు 30 నానోమీటర్లు. ఆకులోని ఒక చిన్న కణము 30 మైక్రోమీటర్లుండుననుకొన్నచో, అట్టి వైరసులు వేయింటిని వరుసగా పేర్చినగాని ఆ కణము వెడల్పు నిండదు. పాఠశాలలోని సూక్ష్మదర్శినిలో కణము కనబడును, వైరసు కనబడదు. దానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావలెను. కన్నుకు కనబడనిదానిని ఉన్నదని ఎట్లు నిర్ధారించవలెను? ఇచ్చటనే శాస్త్రపరిశోధన మొదలగుచున్నది.

ఊహ, పరీక్ష, నిర్ణయము

2000 నాటికి వేరుసెనగకు మొవ్వకుళ్లు అను వైరసు తెగులు ఒకటి శాస్త్రజ్ఞులకు బాగుగా తెలియును. దానియందును కొనమొగ్గ మాడును. దానిని తామరపురుగులు వ్యాపింపజేయును. కొత్తతెగులు చూచుటకు దానిని పోలియున్నది. కావున ఇది మొవ్వకుళ్లేయని తలచుట సహజము. పోలిక గలదు గనుక అదియేయని నిశ్చయించుట లోకరీతి. పోలిక గలదు గనుక అది కావచ్చును, అవునో కాదో పరీక్షింతమనుట శాస్త్రరీతి. ఈ రెండింటికి గల అంతరమే నేడు మేము విద్యార్థులకు చెప్పదలచిన ముఖ్యవిషయము.

హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో 1972 లో స్థాపితమైన ఇక్రిశాట్ సంస్థలో వైరసు తెగుళ్లను పరిశోధించు శాస్త్రజ్ఞులు ఈ పనికి పూనుకొనిరి. ఎ. ఎస్. రెడ్డి, ఆర్. డి. వి. జె. ప్రసాదరావు, డి. వి. ఆర్. రెడ్డి మొదలగువారు కలసి చేసిన ఈ పరిశోధన ఫలితములు 2002 లో ప్రకటింపబడినవి.

మొదటి పరీక్ష మొవ్వకుళ్లు వైరసు ఉన్నదా లేదా యనునది. దీనికొక చక్కని ఉపాయము కలదు. ఒక వైరసును శుద్ధిచేసి కుందేలు శరీరములోనికి ఎక్కించినచో, దాని రక్తములో ఆ వైరసును మాత్రమే గుర్తుపట్టి పట్టుకొను పదార్థములు పుట్టును. వానిని తీసి, అనుమానముగల మొక్కరసముతో కలిపినపుడు, వైరసు ఉన్నచో రంగు పుట్టునట్లు ఏర్పాటు చేయుదురు. లేనిచో రంగు పుట్టదు. ప్రతిసారియు ప్రక్కనే ఆరోగ్యమైన మొక్కరసమును, రోగముగలదని ముందే తెలిసిన మొక్కరసమును కూడ పరీక్షింతురు. ఈ రెండును లేనిచో వచ్చిన రంగునకు అర్థము లేదు. అనంతపురము మొక్కలను ఇట్లు పరీక్షింపగా మొవ్వకుళ్లు వైరసు కనబడలేదు. మొదటి ఊహ తొలగిపోయెను.

ఊహ తొలగుట ఓటమి కాదు. మార్గములలో ఒకటి మూసుకొనుటవలన తక్కినవానిని వెదకుట సులభమగును. 1997 లో కర్ణాటకమునందు సూర్యకాంతి చేలలో ఒక మాడుతెగులు వచ్చి, దానికి పొగాకు చారల వైరసు అనునది కారణమని తేలియుండెను. ఈ వైరసును అమెరికాలో పొగాకుమొక్కలయందు 1936 నాటికే వర్ణించియుండిరి. దీనిని గుర్తుపట్టు పదార్థములతో పరీక్షింపగా అనంతపురము వేరుసెనగరసము రంగు నిచ్చెను. వైరసు పైతొడుగునకు సంబంధించిన వంశలిపిని చదివి పోల్చినపుడు కూడ అదియేయని తేలెను.

అయినను రోగిష్టిమొక్కలో ఒక వైరసు ఉన్నంతమాత్రమున అదియే రోగకారణమని చెప్పుటకు వీలులేదు. దొంగతనము జరిగిన యింటియెదుట నిలిచినవాడెల్ల దొంగ కాడు. కావున రోగముగల మొక్కరసమును తీసి ఆరోగ్యమైన మొక్కల ఆకులమీద రుద్ది చూతురు. అలసందమొక్క దీనికి మంచి పరీక్షాపాత్రము. వైరసు సోకినచోట దాని ఆకుమీద మచ్చలు పొడచూపును. తుదకు ఆరోగ్యమైన వేరుసెనగమొక్కలకు దానిని ఎక్కింపగా చేనిలో కనబడిన మాడుటయే వానియందును కనబడెను. అప్పుడుగాని కారణము స్థిరపడలేదు. ఈ తెగులునకు కాండముకుళ్లు వైరసు తెగులను పేరు వాడుకలోనికి వచ్చెను.

గట్టుమీది మొక్క

కారణము తెలిసినను రైతు అడుగు ప్రశ్నకు ఇంకను సమాధానము రాలేదు. ఆ వైరసు చేనిలోనికి ఎట్లు వచ్చినది? వేరుసెనగ విత్తనముద్వారా వచ్చునేమోయని, రోగముగల మొక్కల విత్తనములను మొలకెత్తించి చూచిరి. మొలకలలో రోగము కానరాలేదు. ఆ మార్గమును మూసుకొనెను.

మిగిలినది చేని చుట్టును పెరుగు మొక్కలు. వానిలో వయ్యారిభామ ముఖ్యమైనది. కొందరు దీనిని కాంగ్రెసుగడ్డి యందురు. ఇది మన దేశపు మొక్క కాదు. అమెరికాఖండమునుండి వచ్చి, 1950ల నడుమ పూనాలో గుర్తింపబడి, అచ్చటనుండి దేశమంతట అల్లుకొనినది. ఒక వాన పడినచాలు, బీళ్లలోను బాటలవెంటను గట్లమీదను మొలచి, తెల్లని చిన్నపూవులతో నిండిపోవును. ఈ మొక్కలలో వైరసు ఉన్నను వానియందు రోగచిహ్నమేమియు కానరాదు. పచ్చగా నవనవలాడుచు, పుప్పొడిలో వైరసును మోయుచుండును.

ఆ పూవులలో తామరపురుగులు చేరును. ఇవి ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవైన సన్నని పురుగులు. వాని దేహమునకు పుప్పొడి అంటుకొనును. గాలికి కొట్టుకొనిపోయి వేరుసెనగ చిగుళ్లమీద వ్రాలి, ఆకుకణములను గ్రుచ్చి రసమును పీల్చును. అప్పుడు కణపుగోడ తెగును. దేహముమీదనుండి రాలిన పుప్పొడిలోని వైరసు ఆ గాయముగుండ కణములోనికి ప్రవేశించును. గోడ చెక్కుచెదరనంతవరకు వైరసు వెలుపలనే యుండును; తనంత తాను గోడను ఛేదింపజాలదు. ఒక పురుగుకాటు, ఒక పుప్పొడిరేణువు, ఒక తెగిన కణము - ఈ మూడును ఒకచో కలిసినపుడు రోగము మొదలగుచున్నది. శాస్త్రజ్ఞులు పరిశోధనాలయమున వైరసుగల పుప్పొడిని, పురుగులను కలిపి మొక్కలపై వదలి, రోగము వచ్చుట చూచి, దీనిని నిర్ధారించిరి.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. మొవ్వకుళ్లు వైరసునుకూడ తామరపురుగులే మోయును. కాని ఆ వైరసు పురుగు శరీరములోపలనే వృద్ధిపొందును; పిల్లపురుగుగా నున్నపుడు దానిని గ్రహించిన పురుగు పెరిగిన పిమ్మట వ్యాపింపజేయును. కాండముకుళ్లు వైరసుతో పురుగునకు అట్టి సంబంధము లేదు. అది పుప్పొడిని మోయు కూలి మాత్రమే. పురుగుజాతి ఒకటియైనను మార్గములు రెండు. కావున ప్రతిక్రియలును రెండు కావలసివచ్చెను. మొదటి ఊహనే నమ్మి కూర్చుండినచో గట్టుమీది వయ్యారిభామవైపు ఎవరి దృష్టియు పోయెడిది కాదు.

కారణమునుండి ఉపాయము

కారణము తెలిసినంతనే ఉపాయములు వానియంతట అవియే కనబడినవి. వయ్యారిభామ పుప్పొడియే మూలము గనుక, పూవు పూయకముందే గట్లమీదను బీళ్లలోను దానిని పెరికివేయవలెను. ఒక్క రైతు పెరికినచో చాలదు. గాలి పొలిమేరలెరుగదు గనుక ఊరంతయు కలసి చేయవలెను. దాని స్పర్శవలన కొందరికి చర్మమున దురదయు పొక్కులును కలుగును. కావున చేతులకు తొడుగు వేసికొని పెరుకుట మంచిది. పురుగులు గాలివెంట వచ్చును గనుక, చేనిచుట్టును జొన్నగాని సజ్జగాని కొన్ని వరుసలు ఒత్తుగా విత్తవలెను. అవి త్వరగా ఎత్తు పెరిగి తెరవలె నిలచి పురుగులను అడ్డగించును. లేతమొక్కకే ప్రమాదమెక్కువ గనుక, తొలివారములలో పురుగు తాకకుండ విత్తనశుద్ధి చేయవలెను.

ఇంకొక సంగతి సామాన్యదృష్టికి విపరీతముగా తోచును. మాడిన వేరుసెనగమొక్కలను పెరికివేయుటవలన గొప్ప ప్రయోజనము లేదు. చిన్ననాడే రోగము సోకిన మొక్క పూయకముందే చచ్చును. పూసినను వేరుసెనగపూవులో పుప్పొడి రెక్కల లోపలనే మూసికొనియుండి తన పూవునందే పనిచేయును, బయటికి చల్లబడదు. కావున ఆ మొక్కనుండి పక్కమొక్కకు తెగులు పాకుట అరుదు. పెరికినచో చేను పలుచబడుటయే మిగులును. చచ్చిన మొక్కను చూచి భయపడి దానిపై చేయివేయుట మనుష్యస్వభావము. పచ్చగా నవ్వుచున్న గట్టుమీది మొక్కను అనుమానించుట పరిశోధన నేర్పిన వివేకము.

ఈ ఉపాయములలో ఒక్కటియు పెద్ద యంత్రములతో ముడిపడినది కాదు. జొన్న, సజ్జ ఈ సీమవారికి తాతలనాటి పంటలు. కలుపు పెరుకుట తెలియని రైతు లేడు. అయితే ఎక్కడి కలుపును, ఎప్పుడు, ఏల పెరుకవలెనో తెలుపుటకు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినియు, కుందేటి రక్తమును, వంశలిపి పఠనమును కావలసివచ్చినవి. ఉన్నతశాస్త్రము తుదకు రైతు చేతి కొడవలిలోనికి దిగివచ్చినపుడే సార్థకమగుచున్నది.

విద్యార్థులకు

శాస్త్రపరిశోధన గొప్ప పరిశోధనాలయములకు మాత్రమే సంబంధించినదని విద్యార్థులు తలపరాదు. దాని పద్ధతి ఏ పల్లెపాఠశాలయందైనను అభ్యసింపదగినది. మొదట చూచినదానిని చూచినట్లు వ్రాసికొనవలెను. ఎన్ని మొక్కలు, ఏ తేదీన, ఏ యాకుమీద అను లెక్క ముఖ్యము. పిమ్మట ప్రశ్న వేయవలెను. ఆ ప్రశ్నకు ఒక ఊహను సమాధానముగా చెప్పవలెను. అది తప్పైనచో తప్పని తేలగల పరీక్షను ఏర్పరచవలెను. తప్పని ఎన్నటికిని తేల్చుటకు వీలులేని ఊహ శాస్త్రమునకు పనికిరాదు.

ఒక చిన్న ప్రయోగము సూచింతుము. ఒకే పరిమాణముగల నాలుగు కుండలలో ఒకే మట్టి పోసి, ఒకే రకము వేరుసెనగగింజలు నాటవలెను. మొలకలు నాలుగాకులు తొడిగిన పిమ్మట రెండు కుండలకు ప్రతిదినము నీరు పోసి, తక్కిన రెండింటికి నాలుగుదినములకొకసారి పోయవలెను. ఎండ, చోటు, నీరుపోయు వేళ అన్నిటికి సమానముగా నుండవలెను. మధ్యాహ్నమున ఏ మొక్కల ఆకులు ముందుగా ముడుచుకొనుచున్నవి? సాయంకాలము ఏవి ముందుగా విచ్చుకొనుచున్నవి? మూడువారములు వ్రాసికొనినచో మీ యొద్ద మీరే సంపాదించిన జ్ఞానము కొంత యుండును. నీరు తప్ప తక్కినవన్నియు సమానముగా ఏల నుంచవలెనో గ్రహించిన విద్యార్థి శాస్త్రపరిశోధనలో సగము గ్రహించినట్లే. ఒక్కొక్క కుండయే కాక రెండేసి ఏల కావలెనో గ్రహించినవాడు తక్కిన సగమునకు దారి తెలిసికొనినట్లే.

ఈ ప్రయోగమున మీరనుకొనినదానికి విరుద్ధమైన ఫలితము రావచ్చును. అప్పుడు పుస్తకములో నున్నట్లు దిద్ది వ్రాయకుడు. వచ్చినదానినే వ్రాసి, ఏల వచ్చినదని మరల పరీక్షింపుడు. ఇది మొవ్వకుళ్లు కాదు అని తేలిన దినముననే అనంతపురము తెగులు నిజస్వరూపము బయటపడుటకు దారి యేర్పడినదను సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

శాస్త్రజ్ఞానము కరవును తొలగింపలేదు, మేఘమును రప్పింపలేదు. వేరుసెనగచేలకు ముప్పు తెచ్చు తెగుళ్లు ఇంకను పలువిధములుగా నున్నవి. కాని కరవుసీమలో చేతికి వచ్చిన పదును ఎంత అమూల్యమో ఎరిగిన రైతునకు, ఆ పదునులో మొలచిన మొక్కను తెలియనిచావునుండి కాపాడుకొనుట చిన్నవిషయము కాదు. ఈసారి మీ చేనిగట్టున వయ్యారిభామ కనబడినపుడు, ఆ తెల్లనిపూవులోని పుప్పొడికిని మీ చేనిలోని లేతచిగురు కణపుగోడకును నడుమ ఒక చిన్నపురుగు కాటంత దూరమే గలదని తలచుకొనుడు. అది పూయకముందే ఇంటిల్లిపాదియు, ఇరుగుపొరుగువారును కలసి దానిని పెరికివేయుడు.